అచ్చిరాని రవ్వ

వజ్రం గొడ్లచావిట్లో ఉంది.

ఆవు కుడితి తాగే తొట్టికి పైన, గోడలో లాంతరు పెట్టే గూట్లో, రవ్వల వర్తకుడు బుచ్చయ్య ఇచ్చిన నీలం కాగితం పొట్లంతో సహా పాత గుడ్డపీలికలో చుట్టి ఉంది. అక్కడికి చేర్చేటప్పుడు జ్ఞానప్రసూనాంబ దాన్ని చేత్తో ముట్టుకోనైనా లేదు. వంటింట్లోంచి పట్టకారు తెచ్చి, నిప్పుకణిక పట్టినట్టు పట్టి, పెరడు దాటించి అక్కడ పెట్టింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. మొన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటివరకూ ఆవిడ నోట మళ్ళీ దాని ఊసు రాలేదు.

మొన్న పొద్దుగూకే వేళ ఆవిడ భర్త చలపతిరావు గారు నూతి దగ్గర చేద వదిలేసి కూలబడిన మాట నిజం. ఆ పొద్దుటే రవ్వ ఇంట్లోకి వచ్చిన మాటా నిజమే. ఈ రెండు నిజాలకీ ఆవిడ ముడి వేసింది. ఆ ముడి ఎవరి గోళ్ళకీ లొంగేలా లేదు.

ఆవిడ ఒక్కర్తినీ అనుకుని లాభం లేదు. ఆ పక్క ఊళ్ళల్లో రవ్వ కొనేవాళ్ళంతా అంతే. డబ్బు చేతికిచ్చేముందు రాయిని మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని చూస్తారు. ఈలోగా ఆవు నాలుగు చుక్కలు ఎక్కువిచ్చినా, కోర్టులో దావా గెలిచినా రవ్వ అచ్చివచ్చినట్టు. పాలు విరిగినా, పిల్లాడికి దగ్గు పట్టుకున్నా అచ్చిరానట్టు. వర్తకుడు మారుమాట లేకుండా వెనక్కి పట్టుకుపోతాడు. పాపం రాయికి నోరు లేదు గనక దాని తరఫున వాదించే ప్లీడరు ఉండడు.

మూడో రోజు ఇవాళే. బుచ్చయ్య చింతలపూడిలో ఎవరికో దుద్దుల జత చూపించడానికి వెళ్ళాడు. సాయంత్రానికి వచ్చి డబ్బో రాయో ఏదో ఒకటి తీసుకుని బెజవాడ బస్సెక్కుతాడు.

కోడలు రాజ్యం కాఫీ గ్లాసు పట్టుకుని చావిట్లోకి వచ్చేసరికి ఆమె భర్త ఉమాపతి నులకమంచం మీద కూర్చుని, ఒళ్ళో లెక్కల పేపర్లు పెట్టుకుని దిద్దుతున్నాడు. హైస్కూల్లో లెక్కల మేష్టరు, బీజగణితం నోటిమీద చెప్పగలవాడు, రెండు రోజులుగా బడికి సెలవు పెట్టి ఆవుకీ వజ్రానికీ మధ్య కాపలా కూర్చున్నాడు.

"గ్లాసు అక్కడ పెట్టకు. దూడ తన్నేస్తుంది," అన్నాడు.

"స్నానానికి లేవండి. కాసేపు నేను కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటే వంటెవరు చేస్తారు? అమ్మ పొయ్యి ముట్టించిందా?"

"ముట్టించారు. మాట్లాడడం లేదు. గిన్నెలు మాట్లాడుతున్నాయి."

ఉమాపతి గూటి వైపు ఓసారి చూసి, కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఈ ఏటి మామిడి కాపంతా ఆ గుడ్డపీలికలో ఉంది, రాజ్యం. పూత మీదే అమ్మేశాం. కాయలు వ్యాపారి కోసుకుపోతాడు. రవ్వని ఈ ఆవు మింగిందనుకో, మనకి మిగిలేది పేడే."

రాజ్యానికి నవ్వు రావలసిందే గాని రాలేదు.

"నేను ముందే చెప్పాను," అన్నాడు ఉమాపతి, ఎర్ర పెన్సిలుతో ఎవరి లెక్కో అడ్డంగా కొట్టేస్తూ. "చిన్నదైనా తెల్లరాయి తీసుకుందామన్నాను. విన్నావా?"

"ఆవగింజంత రాయి. అత్తయ్యగారి ముక్కు మీద పెడితే చెమట పట్టిందనుకుంటారు."

"దానికి చుక్క లేదు."

"దీనికి చుక్క ఉన్నది అంచున. బంగారంలో పొదిగితే కిందికి పోతుందని బుచ్చయ్యే అన్నాడు. మన దగ్గరున్న దాంట్లో రాయి పెద్దదీ కావాలి, తెల్లగానూ ఉండాలి, లోపలా మచ్చ ఉండకూడదంటే ఎక్కడ దొరుకుతుందండీ? ఏదో ఒకటి వదులుకోక తప్పదు. కంటికి కనబడనిది వదులుకుందామన్నాను."

"అమ్మకి కనబడింది."

మొన్న పొద్దున్న వీధరుగు మీద బుచ్చయ్య నీలం కాగితాలు పరిచి మూడు రాళ్ళు చూపించాడు. మొదటిదాని ధర అడగడానికే భయం వేసింది. రెండోది ఆవగింజ. మూడోది ఎండలో పెడితే నలుపక్కలా నిప్పులు చిమ్మింది. అది చూసి రాజ్యం మనసు పారేసుకుంది. అత్తగారు దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇక్కడ చీమ కూర్చున్నట్టుందే," అంది. అంతే అంది. ఆ సాయంత్రమే చలపతిరావు గారు నూతి దగ్గర పడ్డారు.

"కాకి వాలింది, తాటిపండు రాలింది," అన్నాడు ఉమాపతి. "కాకిని ఉరి తీస్తానంటే ఎలా? మా నాన్నకి ఎండదెబ్బ తగిలింది. ఈ మాట అమ్మకి నువ్వైనా చెప్పరాదూ? నీ మాట వింటుంది."

చెప్పగల మాట రాజ్యం దగ్గర ఒకటి ఉంది. అది ఎండదెబ్బ మాట కాదు. అది గొంతులో పడి కక్కలేక మింగలేక నెల రోజులుగా తిరుగుతోంది. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది.

---

చలపతిరావు గారు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. ముందుగదిలో కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. కిటికీలోంచి చూస్తే తోట. తోటంటే మహా పెద్దదేం కాదు. చిన్నరసాలు, పెద్దరసాలు కలిసి ఓ బండెడు కుటుంబానికి సరిపడా. కాని ఒక్కో చెట్టుకీ ఆయన పాదు తవ్వారు. ఆ అంట్లు కొన్న డబ్బెక్కడిదో ఆ వీధంతటికీ తెలుసు.

పెళ్ళినాడు జ్ఞానప్రసూనాంబ ముక్కున పుట్టింటివారు పెట్టిన రవ్వ ముక్కుపుడక ఉండేది. ఉమాపతి కడుపున ఉండగా జలుబు చేసి, ముక్కు వాచి, దాన్ని తీసి పెట్టెలో దాచి ఆవిడ పురిటికి వెళ్ళింది. పిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి పెట్టెలో ముక్కుపుడక లేదు, పెరటి వెనక మాత్రం బీడు నిండా మామిడి అంట్లు ఉన్నాయి. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. బెజ్జం పూడిపోకుండా వేపపుల్ల పెట్టుకుంది. తర్వాత ఆయన ఎర్రరాయిది తెచ్చారు, పెట్టుకోలేదు. బంగారపు చుక్క చేయించారు, దాన్ని కోడలికి ఇచ్చింది. "పెడితే రవ్వే పెడతాను," అనేది. ఎవరైనా వచ్చి కాయ తిని తోట బాగుందంటే, "బాగుండదూ మరి, నా ముక్కు మీద మొలిచింది," అనేది. ఆ మాటకి ఆయన ఏనాడూ బదులు చెప్పలేదు.

"పెట్టుకుందా?" అన్నారు చలపతిరావు గారు, రాజ్యం మంచినీళ్ళు అందిస్తుంటే.

"లేదండి."

"ఎక్కడుంది రాయి?"

"చావిట్లోనేనండి ఇంకా."

ఆయన నవ్వారు. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. రాజ్యం విసనకర్ర అందుకుంది. కాసేపటికి ఆయనే, "తోట మీది కసి రాయి మీద తీర్చుకుంటోంది, పోనీ," అన్నారు.

"మామయ్యగారూ, నేను చెప్పేస్తానండి."

"ఏంటి చెప్పేది?"

"మీరు రాయి రాకముందే తోటలో పడ్డారని. ఏలూరు తీసుకెళ్ళానని. అది తెలిస్తే రాయి తప్పేం లేదని అత్తయ్యగారికి తెలుస్తుంది. తెలిస్తే పెట్టుకుంటారు."

"పెట్టుకోదు." ఆయన గొంతు తగ్గించారు. "అది తెలిసిందంటే నా మంచంకోడు పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానేస్తుంది. ఆ డాక్టరు నీ ఎదుటే చెప్పాడు కదమ్మా, వచ్చే పూత చూస్తే గొప్పేనని. ఉన్న నాలుగు రోజులూ దాని ఏడుపుమొహం చూస్తూ పోవాలా నేను? దాని మొహం మీద ఆ రవ్వ వెలిగితే చూడాలని ఉంది. అంతకంటే నాకేం కోరిక లేదు, తల్లీ."

రాజ్యం కళ్ళు తుడుచుకుంది. మాటివ్వడం ఎంత తేలికో, మోయడం ఎంత బరువో ఆమెకు ఈ నెలలో బాగా తెలిసింది. పక్కన పడుకున్న భర్తకి కూడా చెప్పలేదు. చెల్లెలి పసిబిడ్డను చూడడానికి మామగారిని తోడు తీసుకెళ్ళానని ఇంటిల్లిపాదికీ అబద్ధం చెప్పింది. కాపు అమ్మి రవ్వ కొనమని తండ్రి ఉన్నట్టుండి ఎందుకు పట్టుబట్టాడో ఉమాపతికి ఇప్పటికీ తెలియదు. అమ్మ దెప్పిపొడుపు పడలేకే అనుకుంటున్నాడు.

"ఆయనకైనా చెప్పనివ్వండి," అంది.

"వాడికి చెబితే వాళ్ళమ్మకి చెప్పినట్టే. లెక్కల మేష్టరు, మనసులో ఏదీ ఉంచుకోడు, బోర్డు మీద రాసేస్తాడు." చలపతిరావు గారు కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట అన్నారు. "పాలేరు పోతురాజుని పంపాను, వీరాచారిని తీసుకురమ్మని. ఒక్కసారి బంగారంలో పొదిగేస్తే బుచ్చయ్య రాయి వెనక్కి తీసుకోడు. అప్పుడు మీ అత్తగారు ఏం చేస్తుందో చూస్తాను."

కంసాలికి కబురు చేసేశారన్నమాట. ముసలాయన మొండితనం ఓ పక్క, ముసలావిడ మొండితనం ఓ పక్క, మధ్య తను నలుగుతున్నట్టు రాజ్యానికి అనిపించింది. ఆచారి వచ్చేలోపు అత్తగారి మనసు మళ్ళించాలి, లేదా ఇంట్లో రభస తప్పదు.

---

జ్ఞానప్రసూనాంబ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని పిందెలు తరుగుతోంది. కాపు అమ్మేసినా రాలిన పిందెలు ఇంటివాళ్ళవేనని బేరంలో ఆవిడే మాట తీసుకుంది. గాలికి రాత్రి బోలెడు రాలాయి.

"అత్తయ్యగారూ, సాయంత్రం బుచ్చయ్య వస్తాడండి."

"రానీ. ఇచ్చి పంపండి."

"మళ్ళీ ఇంత రాయి మనకి దొరకదండి."

"దొరక్కపోతే పోనీ. ఇన్నేళ్ళూ వేపపుల్లతో గడవలేదా?"

"మామయ్యగారు మనసు పడ్డారు."

"మనసు ఎప్పుడు పడాలో అప్పుడు పడలేదు. ఉప్పు అందుకో."

రాజ్యం ఉప్పు జాడీ అందించి పక్కనే కూర్చుంది. అత్తగారి చేతులు ఆగకుండా ఆడుతున్నాయి. పిందె చీలుతుంది, జీడి పక్కకి పడుతుంది, ముక్కలు గిన్నెలో పడతాయి.

"ఎండదెబ్బండి అది. ఆయన మిట్టమధ్యాహ్నం పాదులు చూసి, సాయంత్రం నీళ్ళు తోడబోయారు. రాయి ఏం చేసింది?"

"చుక్కున్న రాయి. మొగుణ్ణి మింగుతుందంటారు."

"చుక్కున్నదాన్ని ఎంచింది నేను. ఏదన్నా అనాలంటే నన్నే అనండి."

"నిన్నేం అంటాను? నీకు రాళ్ళ సంగతి ఏం తెలుసు? మీ పుట్టింట్లో ఎవరి ముక్కునైనా రవ్వుంటే గదా."

అనేసి ఆవిడ చటుక్కున ఆగింది. రాజ్యం ముక్కున ఉన్నది ఈవిడ పెట్టుకోనని ఇచ్చిన బంగారపు చుక్కే. రాజ్యం తల వంచుకుంది. ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి దగ్గర మెలిగి, ఒకరి జ్వరాలకి ఒకరు కషాయాలు కాచుకుని, ఇవాళ ఈ మాట. నొప్పి కలిగింది. నొప్పితోపాటు కోపం వచ్చింది. ఆ కోపంలో మామగారికిచ్చిన మాట సగం జారిపోయింది.

"రాయి రాకముందే మామయ్యగారు పడిపోయారు. మీకు తెలియదు," అంది.

కత్తిపీట మీద చెయ్యి ఆగుతుందనుకుంది. ఆగలేదు. ఇంకో పిందె చీలింది.

"పెద్దరసం చెట్టు కింద," అంది జ్ఞానప్రసూనాంబ. "శివరాత్రి వెళ్ళిన మర్నాడు. పోతురాజు ఎత్తి కూర్చోబెట్టాడు."

రాజ్యం నిర్ఘాంతపోయింది. "ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పాలి? ఆయన చొక్కా ఉతికింది నేను కాదూ? వంగి పాదు తవ్వినవాడికి మోకాళ్ళకి మట్టవుతుంది. వీపుకెందుకవుతుంది? మిగతాది పోతురాజుని నిలదీస్తే చెప్పాడు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. రాజ్యం లేచి దాన్ని సర్దింది గాని ఏం సర్దిందో ఆమెకే తెలియలేదు.

"తెలిసీ రాయి మీద నెట్టారా?"

"నెట్టాను. ఏదో ఒక వంక కావాలి కదా. చుక్క దొరికింది."

"ఎందుకండీ? ఆయన మీ కోసమే గదా కాపు అమ్మించింది. మీకూ ఇన్నాళ్ళ నుంచీ..."

"కూర్చో," అంది అత్తగారు. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, పచ్చట్లోకి ఎంత కారం వెయ్యాలో చెబుతున్నట్టు ఉంది.

"మా మేనత్త ఉండేది. ఆవిడకీ రవ్వ పుడకే. మామయ్య పోయిన పదోరోజున నలుగురు విధవలు చుట్టూ చేరి తీశారు. గాజులు పగిలాయి. సూత్రాలు వచ్చేశాయి. మట్టెలు వచ్చేశాయి. పుడక రాలేదు. చిన్నప్పుడు పెట్టింది, మర పట్టేసింది. ఒకావిడ తల పట్టుకుంది, ఇంకొకావిడ లాగింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మా అత్త అప్పటిదాకా మొగుడి కోసం ఏడుస్తోంది. ఆ తర్వాత ముక్కు నొప్పికి ఏడ్చింది. పోయినవాడికి ఆ ఏడుపు కూడా సరిగా దక్కలేదు."

రాజ్యం చెయ్యి తన ముక్కు మీది బంగారపు చుక్క మీదికి వెళ్ళింది.

"తీయడానికి నా ఒంటిమీద ఇప్పటికే చాలా ఉన్నాయే, రాజ్యం. కొత్తగా ఇంకోటి ఎందుకు? ఆయన ఇస్తారు, నాలుగు రోజులు మురుస్తారు, వెళ్ళిపోతారు. నేనో? ఇన్నేళ్ళు ఆశపడ్డదాన్ని పెట్టుకున్నట్టే పెట్టుకుని, పదిమందిలో తీయించుకోవాలా? లేనిదాన్ని ఎవరూ లాగలేరు. వేపపుల్లయితే నేనే తీసి పారేస్తాను."

ఆవిడ మళ్ళీ కత్తిపీట దగ్గరికి జరిగింది. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడ్చింది రాజ్యమే.

---

పొద్దు వాలుతుండగా వీరాచారి వచ్చి వీధరుగు మీద చాప పరుచుకుని సామాను దించాడు. మట్టి కుంపటి, ఊదుగొట్టం, లక్క ముద్ద, చిన్న చిన్న పట్టకార్లు. పోతురాజు బొగ్గులు తెచ్చి పోసి, రాజ్యం మొహం చూసి, ఏదో అర్థమై దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"రాయి తెప్పించండమ్మా," అన్నాడు ఆచారి. "అమ్మగారి ముక్కు కూడా ఓసారి చూడాలి. బెజ్జం ఎంతుందో చూస్తే గాని మర తీయలేను."

ఆ మాట వంటింటిదాకా వినబడింది. జ్ఞానప్రసూనాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిన్నెవరు రమ్మన్నారు, ఆచారీ?"

"అయ్యగారే కబురు చేశారండి."

"అయ్యగారికి చెప్పు, పుడక పెట్టుకునే ముక్కు ఈ ఇంట్లో లేదని."

"అయ్యగారికి వినబడుతోంది," అన్నారు చలపతిరావు గారు.

ఆయన గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో ఎవరూ చూడలేదు. మొహం పాలిపోయింది. రాజ్యం పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంటే వదిలించుకుని, ద్వారబంధానికి ఆనుకున్నారు. ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ ఎంత పల్చనో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అవసరమైనప్పుడు మరిచిపోతారు.

"మీ మేనత్త సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు.

"మీరు అడగలేదు."

"అడగలేదు. చాలా అడగలేదు నిన్ను." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "ముక్కుపుడక అమ్మేటప్పుడూ అడగలేదు. నువ్వు ఆ మాట ఇన్నేళ్ళు నన్ననకుండా తోటనంటూ వచ్చావు. నాకు తెలియదా, జ్ఞానం? తెలుసు. సిగ్గేసి ఊరుకున్నాను."

ఉమాపతి చావిట్లోంచి వచ్చాడు. చేతిలో గుడ్డపీలిక ఉంది. తండ్రి మొహం చూసి, తల్లి మొహం చూసి మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"ఇలా రా, ఒరే. నువ్వూ విను," అన్నారు చలపతిరావు గారు. "మీ అమ్మ మెళ్ళో సూత్రం నేను కట్టాను. అది నాతో పోతుందంటే పోనీ, నేను వాదించను. కాళ్ళకి మట్టెలు నేను తొడిగాను. అవీ పోనీ. కాని ముక్కుపుడక నేను పెట్టింది కాదు. వాళ్ళమ్మ పెట్టింది. నేను దొంగతనంగా తీశాను, ఇప్పుడు తిరిగి ఇస్తున్నాను. వాళ్ళమ్మ పెట్టిందాన్ని నేను చచ్చానని ఎందుకు తీయాలి? ఎవరన్నా తీయమంటే ఈ మాట చెప్పు. కొడుకువి, నువ్వే అడ్డం నిలబడాలి."

"ఏంటి నాన్నా ఈ మాటలు?" అన్నాడు ఉమాపతి. "ఎండదెబ్బకి ఇంత ఆలోచన ఎందుకు?"

ఆచారి ఊదుగొట్టం పక్కన పెట్టేశాడు. లేచి వెళ్ళిపోవాలో కూర్చోవాలో తెలియక బొగ్గులు సర్దుతున్నాడు.

రాజ్యం అత్తగారినే చూస్తోంది. ఆయన అన్న మాటలో న్యాయం ఉందని ఆమెకు తోచింది. అలాంటి న్యాయం ఆ వీధిలో ఇదివరకు ఎవరూ మాట్లాడలేదనీ తోచింది. పురోహితుడు ఏమంటాడో, ఆ పదోరోజున చుట్టూ చేరే ముసలమ్మలు ఏమంటారో, తన భర్త వాళ్ళందరి ఎదుటా నిజంగా నిలబడగలడో లేడో. పేపర్లు దిద్దే మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాటన్నవాడు కాదు.

జ్ఞానప్రసూనాంబ మెల్లగా అరుగు మీదికి వచ్చింది. కొడుకు చేతిలోంచి గుడ్డపీలిక తీసుకుంది, ఈసారి పట్టకారుతో కాదు. ముడి విప్పింది. నీలం కాగితం విప్పింది. రవ్వ అరచేతిలోకి దొర్లి ఎండలో భగ్గుమంది. చుక్కున్న అంచు ఎటు ఉందో ఎవరికీ కనబడలేదు.

ఆవిడ ఆచారి ఎదురుగా చాప చివర కూర్చుంది. రాజ్యం ప్రాణం లేచి వచ్చింది.

"ఉండు, ఆచారీ," అంది ఆవిడ. "ముందు నా కోడలితో ఒక మాటుంది."

"చెప్పండి అత్తయ్యగారూ."

"ఏలూరులో మీ చెల్లెలి బిడ్డని చూసొచ్చామన్నారు. పిల్లా, పిల్లాడా అంటే ఆయనేమో మగపిల్లాడన్నారు, నువ్వేమో మర్నాడు ఆడపిల్లకి పరికిణీ గుడ్డ పంపాలన్నావు. నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో తెలుసా? అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయం వేసింది. ఇప్పుడు అడుగుతున్నాను."

"జ్ఞానం," అన్నారు చలపతిరావు గారు.

"మీరు మాట్లాడకండి. మీ మాట విన్నాను, బాగుంది." ఆవిడ ఆయన వైపు తిరగలేదు. "రాయిని కొనడానికి మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూడనిచ్చారు. నన్ను మాత్రం ఏదీ చూడకుండా పెట్టేసుకోమంటున్నారు. అదెలా కుదురుతుంది? రాజ్యం, ఏలూరు డాక్టరు ఈయనకి ఎంత గడువిచ్చాడు?"

ఉమాపతి భార్య వైపు తిరిగాడు. "ఏ డాక్టరు?" అన్నాడు. ఆ రెండు మాటల్లో ఉన్న నిందని రాజ్యం ఎన్నాళ్ళకీ మరిచిపోలేదు.

వీధిలో జట్కా ఆగింది. బుచ్చయ్య గొడుగు ముడుచుకుంటూ దిగి, అరుగు మీద కంసాలినీ కుంపటినీ చూసి మొహం విప్పార్చుకున్నాడు. "అచ్చివచ్చిందన్నమాటేనండి," అన్నాడు.

"ఉమాపతీ, ఆయనకి కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించు," అంది జ్ఞానప్రసూనాంబ. "రాయి ఉంచుకుంటామో ఇచ్చేస్తామో ఇంకా తేలలేదని చెప్పు. కాస్త ఆగమను."

ఉమాపతి కదల్లేదు.

రాజ్యం మామగారి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని ఆమెకు తెలుసు. వచ్చి అత్తగారి పక్కన చాప మీద కూర్చుంది. ఆవిడ గుప్పిట్లో రవ్వ ఉంది. ఆ గుప్పిటని తన రెండు చేతులతో పట్టుకుని, నెల రోజులుగా మోసిన మాటని, బుచ్చయ్యా ఆచారీ వింటుండగానే, చెప్పేసింది.